వార్తలు చూసి భూమి కొనాలనుకునేవాళ్ళకి

ఎక్కడో యుద్ధం మొదలైందనో, ఏదో బ్యాంకు మునిగిందనో, ఎన్నికల్లో మనకి గిట్టనివాళ్ళు గెలిచారనో వార్త రాగానే చాలామందికి ఒకటే ఆలోచన వస్తుంది. ఊరికి దూరంగా కాస్త నేల కొనుక్కుని, నాలుగు కోళ్ళు పెంచుకుని, మన కూరలు మనమే పండించుకుంటూ, ఈ గొడవంతటికీ ఓ దణ్ణం పెట్టేసి బతికేద్దాం అని. 2020లో లాక్‌డౌన్లు మొదలైనప్పుడు అమెరికా, బ్రిటన్‌లలో కొన్ని విత్తన కంపెనీలు ఆర్డర్ల తాకిడి తట్టుకోలేక కొన్నాళ్ళు కొత్త ఆర్డర్లు తీసుకోవడమే ఆపేశాయి. కోడిపిల్లలకీ అదే గిరాకీ. భయమేస్తే మనిషి మట్టి వైపు పరిగెడతాడు, అందులో తప్పేం లేదు.

నేనూ ఆ పనులు చేసేవాళ్ళలో ఒకణ్ణి. మళ్ళు తవ్వుతాను, కోళ్ళు పెంచుతాను, వాననీళ్ళు పడతాను, విత్తనాలు దాచిపెడతాను. ఆ బతుకంటే ఇష్టం కూడా. కానీ పెరడు ఉంటే లోకంతో పని ఉండదని చెప్పేవాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. నా అనుభవం దానికి పూర్తిగా తిరగబడి ఉంది. పెరడు పట్టుకున్నాకే నీళ్ళ గురించి, కరెంటు గురించి, ఎరువుల దిగుమతి గురించి, భూమి రికార్డుల గురించి నాకు పట్టింపు పెరిగింది. అంతకుముందు ఇవన్నీ పేపర్లో లోపలి పేజీల సంగతులు.

ముందు లెక్క చూద్దాం. ఈ విషయంలో కబుర్లు ఎక్కువ, లెక్కలు తక్కువ.

పెద్ద మనిషికి రోజుకి సుమారు 2,000 కేలరీలు కావాలి. ఒళ్ళు వంచి మట్టి పని చేసే మనిషికి ఇంకా ఎక్కువే. కిలో టమాటాల్లో ఉండేది అటూ ఇటూగా 180 కేలరీలు. అంటే టమాటాలతోనే కడుపు నింపుకోవాలంటే రోజుకి 11 కిలోలు తినాలి. ఆకుకూరలు, దోసకాయలు, సొరకాయల కథా ఇంతే. ఫోటోల్లో బుట్టనిండా కళకళలాడే కాయగూరలు చూసి ‘ఇంక బజారుకి వెళ్ళక్కర్లేదు’ అని రాసుకుంటారు చూడండి, ఆ బుట్ట మొత్తం కలిపినా ఒక మనిషికి ఒక పూట శక్తి రాదు. విటమిన్లు వస్తాయి, రుచి వస్తుంది, పీచు వస్తుంది. ఆకలి తీరేది మాత్రం గింజలతోను, దుంపలతోను, నూనెతోను.

సరే, దుంపలే తీసుకుందాం. బంగాళాదుంప కిలోకి 770 కేలరీలు. ఏడాదికి ఒక మనిషికి 7 లక్షల 30 వేల కేలరీలు కావాలి కాబట్టి 950 కిలోల దుంపలు. ప్రపంచ సగటు దిగుబడి హెక్టారుకి 20 టన్నుల పైచిలుకు, అంటే చదరపు మీటరుకి 2 కిలోలు. లెక్కేస్తే మనిషికి 475 చదరపు మీటర్లు, నలుగురున్న ఇంటికి దాదాపు అర ఎకరం. అది కూడా మూడు పూటలా ఏడాది పొడుగునా బంగాళాదుంపే తింటే, తెగులు రాకపోతే, ఎలుకలు పడకపోతే, వచ్చే ఏటికి విత్తన దుంపలు తీసి పెట్టకపోతే! ఇందులో నూనె లేదు, ఉప్పు లేదు, వండుకోవడానికి పొయ్యిలో కట్టె కూడా లేదు. సరదాకి ఇంటితోట చేసేవాళ్ళకి ఈ లెక్క అక్కర్లేదు. దేశం ఏమైపోయినా నా ఇల్లు నిలబడుతుంది అనేవాళ్ళు మాత్రం ఒక్కసారైనా ఇది వేసుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్ని అందరూ ఉదాహరణగా చెప్తారు. నిజమే, 1943-44 ప్రాంతంలో అమెరికాలో 2 కోట్ల దాకా విక్టరీ గార్డెన్లు, అంటే యుద్ధకాలంలో జనం వేసుకున్న కూరగాయల తోటలు, ఉండేవి, దేశంలో పండిన తాజా కూరగాయల్లో 40 శాతం దాకా వాటినుంచే వచ్చాయని అంచనా. బ్రిటన్‌లో పార్కుల్ని కూడా దున్ని కూరగాయలు వేశారు. కానీ గమనించాల్సింది ఏంటంటే అవి కూరగాయలు. బ్రిటన్ తిన్న గోధుమలో చాలా భాగం జలాంతర్గాముల్ని తప్పించుకుంటూ అట్లాంటిక్ దాటి ఓడల్లో వచ్చింది. యుద్ధం నడిచినన్నాళ్ళూ రేషన్ లేకుండా దొరికిన బ్రెడ్‌కి, యుద్ధం అయిపోయాక 1946 జూలైలో రేషన్ పెట్టాల్సొచ్చింది, అది 1948 దాకా నడిచింది. అన్ని లక్షల పెరళ్ళు ఉండి కూడా ఆ గోధుమ కొరతని పూడ్చలేకపోయాయి. ఇంకోటి, ఆ పెరళ్ళు ప్రభుత్వాన్ని వదిలేసి బతుకుదామనుకున్నవాళ్ళు వేసుకున్నవి కావు. ప్రభుత్వం పూనుకుని కరపత్రాలు పంచి, స్థలాలిచ్చి, సలహాదారుల్ని పంపి వేయించినవి. క్యూబా సంగతీ అంతే. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయి ఆయిలు, ఎరువులు ఆగిపోయాక హవానా నగరంలో ఖాళీ జాగాలన్నీ తోటలయ్యాయి, జనానికి ఆకుకూరలు అందాయి, అది గొప్ప సంగతే. ఆ దేశం మాత్రం ఇప్పటికీ తన తిండిలో ఎక్కువ భాగం దిగుమతే చేసుకుంటోంది.

కోళ్ళ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. ఇంటి గుడ్డు అంటే ఎవరి మీదా ఆధారపడని తిండి అని కదా పేరు. ఒకసారి దాణా బస్తా మీద అచ్చేసింది తీరిగ్గా చదవండి: మొక్కజొన్న, సోయా చెక్క, సున్నపురాయి పొడి, ఉప్పు, విటమిన్ మిశ్రమం, మిథియోనిన్. ఈ చివరిది ఒక ఎమైనో ఆమ్లం. ప్రపంచం మొత్తానికి కొద్ది కంపెనీలే దీన్ని రసాయన ఫ్యాక్టరీల్లో తయారుచేస్తాయి. గుడ్లు పెట్టే కోడి రోజుకి 110, 120 గ్రాముల దాణా తింటుంది, ఆరు కోళ్ళుంటే నెలకి 20 కిలోల పైమాట. నా పెరట్లో పొద్దున్నే వెచ్చగా చేతికి తగిలే గుడ్డులో ఎక్కడో సముద్రాల అవతల పండిన సోయా ఉంది, ఫ్యాక్టరీలో పుట్టిన ఆమ్లం ఉంది. దాణా మానేసి ఊరికే వదిలేస్తే కోళ్ళు పురుగూ పుట్రా ఏరుకుని బతుకుతాయి, బానే బతుకుతాయి కూడా, గుడ్లు మాత్రం తగ్గిపోతాయి. పగటి వెలుతురు 14 గంటల కంటే బాగా తగ్గితే ఎలాగూ తగ్గుతాయి, ఈకలు రాల్చుకునే కాలంలో కొన్ని వారాలు అసలు పెట్టవు. అలిగాయి అనుకునేవాళ్ళం ఇంట్లో.

మరి ఇవన్నీ తెలిసి ఎందుకు చేస్తున్నట్టు?

గడువు కోసం. నా దృష్టిలో పెరడు ఇచ్చే అసలైన లాభం అదే. లోకం మీద ఆధారపడటం ఏమీ పోదు, కాకపోతే లోకం కాసేపు చెయ్యిచ్చినప్పుడు కంగారు పడకుండా ఆగగలిగే వ్యవధి దొరుకుతుంది. 2021 మార్చిలో 400 మీటర్ల పొడుగున్న ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువకి అడ్డంగా ఇరుక్కుపోయింది. ప్రపంచ వాణిజ్యంలో 12 శాతం దాకా నడిచే దారి ఆరు రోజులు మూతపడింది. అంతకుముందు నెలలోనే అమెరికాలోని టెక్సస్‌లో విపరీతమైన చలికి కరెంటు వ్యవస్థ కుప్పకూలి లక్షల ఇళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి, 200 మందికి పైగా చనిపోయారు. ఇలాంటివి లోకం అంతమైపోవడాలు కావు. మూడు రోజులు, వారం, మహా అయితే నెల. మామూలు మనిషికి జీవితంలో ఎదురయ్యే కష్టాల్లో చాలా భాగం ఈ సైజువే: ఉద్యోగం పోయి ఇంకోటి దొరికే లోపు, తుఫాను వచ్చి రోడ్డు బాగయ్యే లోపు, మోటారు కాలిపోయి మెకానిక్ వచ్చే లోపు. ఆ ‘లోపు’ అనే దాన్ని ఎవరైతే టెన్షన్ లేకుండా దాటగలరో వాళ్ళు గట్టివాళ్ళు. ముప్పై ఏళ్ళకి సరిపడా తిండి దాచిన బంకర్ మనిషి నాకు గట్టివాడిగా కనపడడు, భయపడ్డవాడిగా కనపడతాడు.

ఈ గడువులో మొదటి స్థానం నీళ్ళది. విచిత్రం ఏంటంటే హోమ్‌స్టెడ్ కలలు, అంటే సొంత నేల మీద సొంత తిండి పండించుకుని బతికే కలలు, కనేవాళ్ళు నీళ్ళ గురించి మాట్లాడటం తక్కువ, మేకల గురించి ఎక్కువ. తిండి లేకుండా వారాలు ఉండొచ్చు, నీళ్ళు లేకుండా మూడు నాలుగు రోజులు కూడా కష్టం. విపత్తు సహాయక సంస్థలు మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు అని లెక్కేస్తాయి, తాగడానికీ వండుకోవడానికీ కడుక్కోవడానికీ అన్నిటికీ కలిపి. నలుగురికి వారానికి 420 లీటర్లు. ఇంటి పైకప్పు మీద పడే వాన లెక్క చాలా సులువు: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్లు పడితే వెయ్యి లీటర్లు, అందులో ఐదో వంతు ఆవిరికీ పారబోతకీ పోయినా 800 మిగులుతాయి. మొదట పడిన నీళ్ళు కప్పు మీది దుమ్ము, పిట్టల రెట్టలతో వస్తాయి కాబట్టి వాటిని బయటికి వదిలేసి తర్వాతవి తొట్టిలోకి మళ్ళించాలి, తొట్టికి దోమ దూరని మూత ఉండాలి. తాగాలంటే వడకట్టి మరిగించుకోవాలి. ఇంతే. దీనికి ఎకరాలు అక్కర్లేదు, ఊరొదిలి పోనక్కర్లేదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా మంచం కింద నాలుగు డబ్బాలు నింపి పెట్టుకోవచ్చు.

సోలార్ గురించి ఒక మాట. కప్పు మీద ప్యానెళ్ళు పెట్టుకున్నాం కాబట్టి కరెంటు పోయినా మాకేం ఫర్వాలేదు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. మామూలుగా గ్రిడ్‌కి, అంటే బయటి కరెంటు లైన్‌కి, కలిపే ఇన్వర్టర్ గ్రిడ్ పోగానే తనంతట తానే ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదని అలా తయారు చేస్తారు. 2025 ఏప్రిల్ 28న మిట్ట మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ ప్రధాన భూభాగాలు దాదాపు మొత్తంగా కరెంటు కోల్పోయాయి. ఆ రోజు ఎండ కాస్తూనే ఉంది, ప్యానెళ్ళు కప్పుల మీద ఉన్నాయి, అయినా బ్యాటరీ, గ్రిడ్ నుంచి విడిపోయి నడిచే ఏర్పాటు లేని ఇళ్ళల్లో ఫ్యాన్ తిరగలేదు. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ‘ఎన్ని కిలోవాట్లు’ అని కాదు, ‘లైన్ పోతే నాకేం పనిచేస్తుంది’ అని. అమ్మేవాళ్ళు దీనికి సూటిగా జవాబు చెప్పడానికి కాస్త నసుగుతారు.

ఇంక నాకు బాగా నచ్చే పని విత్తనాలు. బాగా పండి, మెత్తబడిన టమాటాని కోసి గింజల్ని గుజ్జుతో సహా గాజు గ్లాసులోకి పిండి, కాస్త నీళ్ళు పోసి రెండు మూడు రోజులు పక్కన పెట్టాలి. పైన తెల్లటి బూజు తెట్టు కడుతుంది, కంపు కొడుతుంది, ఇంట్లోవాళ్ళు తిడతారు. గింజ చుట్టూ ఉండే జిగురు పొర మొలకని ఆపుతుంది, ఆ పులిసే క్రమంలోనే అది కరిగిపోతుంది. తాలు గింజలు తేలతాయి, గట్టివి అడుక్కి దిగుతాయి. తెట్టు వంచేసి, జల్లెడలో నాలుగుసార్లు కడిగి, పింగాణీ పళ్ళెంలో పలచగా పరిచి నీడలో ఆరబెడితే ఒక్క కాయనుంచి వంద మొక్కలకి సరిపడా గింజలు. కాగితం మీద ఆరబెట్టకండి, అతుక్కుపోతాయి. గింజలోని తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుందనీ, నిల్వచేసే చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపవుతుందనీ విత్తన శాస్త్రంలో పాత సూత్రం ఒకటుంది, హారింగ్టన్ చెప్పింది. మరీ కచ్చితమైన సూత్రం కాదు కానీ చేతికి పనికొచ్చేది. ఉల్లి గింజ ఏడాది రెండేళ్ళకే చస్తుంది, టమాటా నాలుగైదేళ్ళు హాయిగా ఆగుతుంది. ఎఫ్1 హైబ్రిడ్, అంటే రెండు రకాల్ని కలిపి పుట్టించిన మొదటి తరం, కాయ నుంచి తీసిన గింజకి తల్లి గుణాలు నిలవవు. గుమ్మడి, సొర లాంటి తీగజాతుల్లో ఒకే జాతి రకాలు రెండు పక్కపక్కన పెంచితే తేనెటీగలు కలిపేస్తాయి, వచ్చేది ఏమవుతుందో దేవుడికే తెలియాలి.

చూడండి, ఇక్కడే మళ్ళీ లోకవ్యవహారం వచ్చి కూర్చుంటుంది. నేను దాచిన విత్తనం పక్కింటివాళ్ళకి ఇవ్వొచ్చా, అమ్మొచ్చా, మార్చుకోవచ్చా అన్నది ఒక్కో దేశంలో ఒక్కో చట్టం తేలుస్తుంది. కొన్నిచోట్ల నమోదుకాని రకం అమ్మడం నేరం, కొన్నిచోట్ల రైతు హక్కు. గుప్పెడు గింజలు గుడ్డలో కట్టుకుని గూట్లో పెట్టుకున్నంతసేపే నేను స్వతంత్రుణ్ణి, ఆ మూట గడప దాటిందంటే చట్టం ఉంది.

ఇంకో విషయం అడ్డదారిలో చెప్పేస్తాను, ఎందుకంటే ఇది ప్రాణాల మీదకి తెచ్చేది. కూరగాయల్ని సీసాల్లో నిల్వచేయడం ఎంత సులువో చూపించే వీడియోలు వందలు. పులుపు తక్కువ ఉన్నవాటిని, అంటే పీహెచ్ 4.6 దాటినవాటిని, చిక్కుడు, మొక్కజొన్న, మాంసం లాంటివాటిని మామూలు మరిగే నీళ్ళలో ఉడికించి మూత బిగిస్తే బొట్యులిజం అనే ప్రాణాంతక విషాన్ని పుట్టించే క్రిమి బీజాలు చావవు. వాటిని చంపడానికి 121 డిగ్రీల దాకా ఒత్తిడితో వేడి చేయాలి. ఆ విషం రంగూ వాసనా చూపించదు. ‘మా నాయనమ్మ ఇలాగే చేసేది’ అనే మాట ఇక్కడ పనికిరాదు. స్వావలంబన పేరుతో అక్షరాలు చదవడం మానేసిన జనం ఎక్కువైపోయారు అనిపిస్తుంది నాకు అప్పుడప్పుడు.

ఇప్పుడు అసలు గొడవలోకి వస్తాను. ‘రాజకీయాలు ఎటు పోతే నాకేంటి, నా మడి నాకుంది’ అనే మాట.

1845 నాటి ఐర్లండ్ చూడండి. పల్లెల్లో లక్షల కుటుంబాలు చిన్న చిన్న చెక్కల్లో బంగాళాదుంప వేసుకుని, అది తిని బతికేవి. వీలైనవాళ్ళకి ఒక పంది, అది అద్దె కట్టడానికి. తిండి వరకూ చూస్తే వాళ్ళకంటే బజారుతో సంబంధం లేని జనం ఆ రోజుల్లో ఐరోపాలో తక్కువే. ఈనాటి హోమ్‌స్టెడ్ కలలో ఉన్నదంతా వాళ్ళకి ఉంది, ఒక్క భూమి మీద హక్కు తప్ప. తెగులు వచ్చింది, దుంప పొలంలోనే కుళ్ళింది. తర్వాత కొన్నేళ్ళలో 10 లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది దేశం వదిలిపోయారు. తెగులు ఐరోపాలో చాలా దేశాలకి వచ్చింది, అంత చావు మాత్రం అక్కడే. ఆ ఏళ్ళలో ఐర్లండ్ నుంచి ధాన్యం, పశువులు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. 1847లో, అప్పట్లో ఐర్లండ్‌ని పాలిస్తున్న బ్రిటిష్ పార్లమెంటు పేదల సహాయ చట్టంలో ఒక సవరణ చేర్చింది, విలియం గ్రెగరీ అనే సభ్యుడు తెచ్చింది: పావు ఎకరం కంటే ఎక్కువ నేల పెట్టుకున్న కుటుంబానికి సర్కారు సాయం అందదు. తిండి కావాలంటే చెక్క వదులుకోవాలి. పిల్లలకి గంజి కోసం జనం నేల వదిలేశారు, భూస్వాములు గుడిసెలు కూలగొట్టారు. తెగులు ఆ పంటని చంపింది, ఆ కుటుంబాల్ని నేలమీంచి లేపేసింది మాత్రం పార్లమెంటులో పాసైన ఆ ఒక్క వాక్యం. మడి ఉంటే చాలు అనేవాళ్ళకి దీనికంటే సూటి జవాబు నాకు దొరకలేదు.

అసలు అమెరికన్ హోమ్‌స్టెడ్ బతుకు, అదే మనం యూట్యూబులో చూసి మురిసిపోయే చెక్క ఇల్లు, గాలిమర, పొలం, అది పుట్టిందే ఒక ప్రభుత్వ చట్టం కడుపున. 1862లో లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం, ఐదేళ్ళు ఉండి సాగు చేస్తే 160 ఎకరాలు మీవే అంది. మూలవాసుల దగ్గర లాక్కున్న నేల అది. తర్వాత మెట్ట మైదానాల్లో గడ్డి నేలనంతా ఎవరికి వాళ్ళు దున్నేశారు. 1930లలో కరువు వచ్చేసరికి పట్టి ఉంచే గడ్డి లేక మట్టి గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14న లేచిన దుమ్ము తుఫానుకి ఆ రోజుకే నల్ల ఆదివారం అని పేరు పడింది. ఒక్కడు తన పొలం ఎంత బాగా కాపాడుకున్నా పక్కవాడి మట్టి వచ్చి పంట మీద పడుతుంది. అదే నెలలో ప్రభుత్వం నేల సంరక్షణ చట్టం తెచ్చింది, తర్వాత రైతులు ప్రాంతాలవారీగా సంఘాలు కట్టి కాంటూరు దున్నకం (వాలుకి అడ్డంగా దున్నడం), గాలిని ఆపే చెట్ల వరసలు అందరూ కలిసి చేస్తే కానీ పరిస్థితి మెరుగుపడలేదు. భూగర్భ జలం విషయం కూడా ఇదే. నా బోరు లోతు నేను పెంచుకుంటే పక్కవాడు ఇంకా లోతుకి వేస్తాడు, ఇద్దరం అప్పులపాలవుతాం, నీళ్ళు మాత్రం కిందికే పోతాయి. గట్టు మీద కూర్చుని పదిమంది మాట్లాడుకుంటే తప్ప తెగని విషయాలివి.

వార్తలు మానేస్తేనే ప్రశాంతత అని కూడా అంటారు. సగం ఒప్పుకుంటాను. రోజంతా ఫోన్లో ఎవడు ఎవణ్ణి తిట్టాడో చూస్తూ కూర్చుంటే ఎవరి బుర్రా పనిచేయదు, గంటసేపు కలుపు తీస్తే ఆ గోల తగ్గుతుందన్నది నిజం, నాకూ అదే మందు. అయితే మడి చేసేవాళ్ళకి ఏ వార్త అవసరమో మడే చెప్తుంది. నత్రజని ఎరువు తయారయ్యేది సహజవాయువుతో. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్ళగానే గ్యాస్ ధర, దాంతో ఎరువు ధర, దాంతో గింజల ధర ఎగబాకాయి. మార్చి నెలలో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్కగట్టే ఆహార ధరల సూచీ అప్పటిదాకా ఎన్నడూ లేనంత పైకి పోయింది. ఈ గొలుసు తెలిసినవాళ్ళు ఆ వార్త వినగానే కంపోస్ట్ గుంత ఇంకోటి తవ్వుకున్నారు. అంతకుముందు ఏడాది శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించి, పంటలు దెబ్బతిని, రైతులు రోడ్డెక్కాక నెలల్లోనే వెనక్కి తగ్గింది. సేంద్రియం అంటే నాకు ప్రాణం, కానీ ఒక దేశం మొత్తం ఒక్క పంటకాలంలో అలా తిరగలేదని కంపోస్ట్ చేసే ఎవరికైనా తెలుస్తుంది. ఎండుటాకు, పచ్చి చెత్త సరైన పాళ్ళలో, కార్బన్ 25, 30 వంతులకి నత్రజని ఒక వంతు ఉండేలా కలిపి, తిరగేస్తూ, తడి చూసుకుంటూ పోతే నెలలకి ఒక గుంత తయారవుతుంది. దేశానికి సరిపడా ఎరువు ఒక్క సీజన్లో ఎక్కణ్ణుంచి వస్తుంది? చెత్త గుంత దగ్గర నిలబడ్డ మనిషికి కనిపించింది రాజధానిలో కూర్చున్నవాళ్ళకి కనిపించలేదు. అందుకే పెరటివాళ్ళు వ్యవహారాల్లోంచి తప్పుకోకూడదంటాను.

మనుషుల సంగతి చివరికి ఉంచాను గానీ నిజానికి మొదట రావాల్సింది. 1995 జూలైలో షికాగోలో వడగాల్పులకి 700 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళు, తలుపులు కిటికీలు బిగించుకుని గదుల్లో ఉన్నవాళ్ళు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త తర్వాత అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు పేద పేటల్ని పోల్చి చూశాడు. వేడి ఒకటే, పేదరికం దాదాపు ఒకటే, చావులు మాత్రం ఒకదాంట్లో చాలా తక్కువ. వీధిలో అంగళ్ళు, జనం తిరుగుడు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఉన్న పేట అది. ఇంకో పేటలో ఇళ్ళు ఖాళీ అయిపోయాయి, అంగళ్ళు మూతపడ్డాయి, ముసలివాళ్ళు భయంతో గడప దాటలేదు. ఇది తెలిశాక, ఎవరూ లేనిచోట పదెకరాలు కొని కంచె వేసుకోవడం భద్రత అని నాకు చెప్పకండి. పాము కరిస్తే ఆ కంచె మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళదు.

పొరుగువాళ్ళు మన పార్టీ వాళ్ళే అయి ఉండరు, అదీ ఇబ్బంది. నా మోటారు ఆగిపోతే పరిగెత్తుకొచ్చే పెద్దాయన ఎన్నికలప్పుడు మాట్లాడే మాటలు వింటే నాకు తల తిరుగుతుంది. ఆయనకి నా మాటలు వింటే అంతే అయ్యుంటుంది. అయినా నా దగ్గరి నారు ఆయన మళ్ళలో ఉంది, ఆయన పాన్నా నా షెడ్డులో ఉంది. ఇద్దరికీ పనికొచ్చే కాలువ పూడిక గురించి అర్జీ పెట్టాలంటే ఇద్దరం కలిసే వెళ్తాం. దారిలో మాత్రం వాదించుకుంటాం, ఆ మాట దాచనక్కర్లేదు.

భూమి కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి నేను ముందు చెప్పేది, కొనకముందే ఇప్పుడున్న చోట ఒక ఏడాది చేసి చూడమని. వారానికి సరిపడా నీళ్ళు, నెలకి సరిపడా మీరు రోజూ తినే గింజలే, రెండు రకాల మొక్కల విత్తనం మీ చేత్తో తీసినది, ఫోన్ చేస్తే వచ్చే ముగ్గురు మనుషులు. ఇందులో దేనికీ పట్టా అక్కర్లేదు. అది చేశాక కూడా నేల కావాలనిపిస్తే తప్పకుండా కొనండి. మట్టి చూసేముందు కాగితాలు చూడండి. తర్వాత ఎండాకాలం చివర్లో వెళ్ళి ఆ చుట్టుపక్కల బావులు, బోర్లలో నీళ్ళు ఏ లోతులో ఉన్నాయో అక్కడివాళ్ళని అడగండి, అమ్మేవాళ్ళని కాదు. దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరమో రాత్రిపూట బండి నడిపి చూసుకోండి. ఆ ఊళ్ళో నీటి సంఘమో పంచాయతీనో సమావేశం ఎప్పుడు జరుగుతుందో కనుక్కుని ఒకదానికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చోండి. ఎవరు అరుస్తున్నారు, ఎవరు వింటున్నారు, పూడిక తీత డబ్బులు ఎవరి జేబులోకి పోతున్నాయి, గంటలో మీకే అర్థమైపోతుంది. ఆ సమావేశానికి మళ్ళీ రావాలనిపించకపోతే ఆ భూమి మీకొద్దు.